పగలగొట్టి మార్చలేనివి ముందు: కొత్త ఇంటి లోపలి పనుల్లో ఏది ఎంచుకోవాలి

గోడలు లేచి, పైకప్పు పడి, కిటికీలు బిగించిన తరువాత ఇల్లు దాదాపు పూర్తయినట్టే కనిపిస్తుంది గాని, అందులో ఉండబోయే కుటుంబానికి రోజూ చేతికీ కాలికీ తగిలేవన్నీ ఆ తరువాతే మొదలవుతాయి. నేల, గోడ పూత, స్నానాల గది, వంటగది అరలు, తలుపులు, రంగులు, దీపాలు, వీటిలో ప్రతిదానికీ మూడు నాలుగు ప్రత్యామ్నాయాలు ఉంటాయి. అమ్మే ప్రతివారూ తమ సరుకే మేలంటారు. అప్పటికి ఇంటివారి చేతిలో డబ్బూ ఓపికా రెండూ అడుగంటుతుంటాయి. అందుకే ఎంపికలు మొదలుపెట్టే ముందు ఒక కొలమానం ఉండాలి. ఒక వస్తువు ఎంత బాగుందో చూసే ముందు, అది చెడిపోయినా నచ్చకపోయినా మార్చడానికి ఏమేమి పగలగొట్టవలసి వస్తుందో అడగడమే నేను సూచించే కొలమానం. గోడ రంగు నచ్చకపోతే రెండు మూడు రోజుల్లో మార్చుకోవచ్చు. స్నానాల గది నేల కింద నీరు ఇంకుతుంటే మాత్రం టైల్స్, వాటి కింది గచ్చు, కొన్నిసార్లు కింది అంతస్తు సీలింగు కూడా పోతాయి.

ఈ దృష్టితో చూస్తే గోడలోనూ నేలలోనూ పూడిపోయే కరెంటు గొట్టాలు, నీటి పైపులు, వాటర్‌ప్రూఫింగ్, నేల కింది గచ్చు అన్నిటికంటే ముందుంటాయి. వీటిలో పొదుపు కోసం నాణ్యత తగ్గించడాన్ని ఏ విధంగానూ సమర్థించలేము. పైకి కనిపిస్తూనే, మార్చాలంటే ఇల్లంతా దుమ్ము రేపే నేల, గోడ టైల్స్, ద్వారబంధాలు, వంటగది గట్టు వంటివి ఆ తరువాతివి. వీటికి మధ్యరకం సరుకు తీసుకుని మంచి మేస్త్రీకి కూలి ఎక్కువ ఇవ్వడం, ఖరీదైన సరుకు తెచ్చి పని తెలియనివారి చేతిలో పెట్టడం కంటే ఎప్పుడూ మేలు. రంగులు, దీపాలు, తెరలు, అల్మరా పిడుల వంటివి చివరివి. డబ్బు చాలకపోతే ఆగవలసినవి ఇవే. ఆచరణలో చాలా ఇళ్ళలో ఇది తలకిందులుగా జరుగుతుంది, ఎందుకంటే వచ్చినవారు మెచ్చుకునేవన్నీ చివరి వరుసలోనే ఉంటాయి.

గోడలోకి పోయేవి

వైరింగ్ విషయంలో బ్రాండ్లను పోల్చడానికి పట్టే సమయంలో సగమైనా పాయింట్లు ఎక్కడ ఉండాలన్న ఆలోచనకు కేటాయించాలి. మంచం, బల్ల, సోఫా, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ ఎక్కడ ఉంటాయో నేల మీద సుద్దతో అసలు కొలతల్లో గీసి, ఆ గీతల మధ్య నడిచి చూస్తే కాగితం మీది ప్లానులో కనిపించని లోపాలన్నీ బయటపడతాయి: మంచం తల వెనుక పడిపోయే ప్లగ్గు, తలుపు రెక్క చాటుకు వెళ్ళే స్విచ్చు, వంటగది గట్టు మీద ఒక్కటే ఉన్న సాకెట్టు. గోడ పూత పడకముందు ఒక పాయింటు అదనంగా పెట్టించడం చిన్న పని, పడిన తరువాత అదే పనికి గోడ చెక్కాలి. నీళ్ళు వేడిచేసే పరికరానికి, ఏసీకి, వంటగదికి విడివిడి సర్క్యూట్లు ఉండాలి. తడి ఉండే గదులకు, 30 మిల్లీ యాంపియర్ల లీకేజీ కనబడగానే కరెంటును తెంచే రక్షణ పరికరం ఉండి తీరాలి. దీన్ని అదనపు సౌకర్యంగా చూడకూడదు.

నీటి పైపులను మూసే ముందు ఒత్తిడి పరీక్ష చేయించాలి. పైపుల నిండా నీరు ఎక్కించి, ఒత్తిడి పెంచి, గంటల తరబడి మీటరు ముల్లు దిగకుండా ఉందో లేదో చూడటమే ఆ పరీక్ష. దానితోపాటు, పూత పడకముందు ప్రతి గోడకూ టేపు ఆనించి, అంకెలు స్పష్టంగా కనిపించేలా ఫోటో తీసుకోండి. నేల నుంచి, మూల నుంచి ఎన్ని సెంటీమీటర్ల దూరంలో ఏ పైపు పోతోందో ఆ ఫోటోలో ఉంటే, తరువాత అల్మరా బిగించే వడ్రంగి డ్రిల్లు ఎక్కడ పెట్టకూడదో అడగకుండానే తెలుస్తుంది.

గోడ పూత: సిమెంటా, జిప్సమా

సిమెంటు, ఇసుక కలిపిన పూత గట్టిది, తడిని ఓర్చుకుంటుంది, మేకులను బాగా పట్టి ఉంచుతుంది. అయితే అది ఆరుతూ కుదించుకుపోతుంది కాబట్టి సన్నని నెర్రెలు రావడం సహజం. వాటిని తగ్గించాలంటే కనీసం వారం రోజులు నీళ్ళతో తడుపుతూ ఉండాలి, ఆ తరువాత రంగుకు ముందు పూర్తిగా ఆరనివ్వాలి. పైన నునుపు కోసం పుట్టీ కూడా పెట్టవలసి ఉంటుంది. జిప్సం పూత సుమారు అరగంటలో గట్టిపడుతుంది, నీళ్ళతో తడపనక్కరలేదు, కుదింపు చాలా తక్కువ కాబట్టి నెర్రెలూ తక్కువే, పైభాగం నునుపుగానే వస్తుంది. దానికి ఇంకొక గుణం ఉంది: జిప్సం బరువులో సుమారు 21 శాతం రసాయనికంగా బంధించబడిన నీరే కాబట్టి, మంటల వేడికి ఆ నీరు ఆవిరవుతూ గోడ వేడెక్కడాన్ని కొంతసేపు ఆలస్యం చేస్తుంది. లోపం ఒక్కటే, కాని అది పెద్దది: నిరంతరం తడి తగిలితే జిప్సం మెత్తబడి బలం కోల్పోతుంది.

కాబట్టి పడక గదులు, హాలు, నడవా వంటి పొడి గదులకు జిప్సం, స్నానాల గది, వాషింగ్ మెషీన్ ఉండే చోటు, వంటగదిలో సింకు వెనుక గోడ, బయటి చెమ్మ లాగే గోడలకు సిమెంటు ఎంచుకోవడం సబబు. ఇల్లంతా ఒకటే పూత ఉండాలన్న నియమం ఏదీ లేదు. ఏ పూత అయినా పని పూర్తయిందని ఒప్పుకునే ముందు చీకటి పడ్డాక ఒక టార్చిలైటును గోడకు ఆనించి, గోడ వెంబడే వెలుగు పారేలా పట్టుకోండి. పగటి వెలుగులో ఎంత చూసినా కనబడని ఎత్తుపల్లాలు, తాపీ గీతలు ఆ వెలుగులో నీడలతో సహా లేచి కనిపిస్తాయి. వాటిని పెన్సిలుతో గుర్తుపెట్టి అప్పుడే సరిచేయించాలి, ఎందుకంటే రంగు వేసిన తరువాత, అందులోనూ మెరుపు రంగు వేసిన తరువాత, అవి మరింత ఎత్తి చూపబడతాయి తప్ప మరుగుపడవు.

నేల

ఈ ఎంపికకు నేను మిగతా అన్నిటికంటే ఎక్కువ సమయం అడుగుతాను, ఎందుకంటే ఇంట్లో ఎక్కువ వైశాల్యం దీనిదే, ఎక్కువ అరిగేదీ ఇదే, దీని మందం బట్టే తలుపుల కింది ఖాళీ, గదుల మధ్య గడపల ఎత్తు, వంటగది అరల ఎత్తు నిర్ణయమవుతాయి. నేలను ఆఖరున చూసుకుందాం అనుకునేవారు తలుపులను అడుగున కోయించుకోవలసి వస్తుంది.

మొదట గచ్చు ఆరాలి. సిమెంటు గచ్చు అనుకూలమైన వాతావరణంలో, 50 మిల్లీమీటర్ల మందం వరకు, సుమారుగా మిల్లీమీటరుకు ఒక రోజు చొప్పున ఆరుతుందని లెక్క వేస్తారు. అంటే 50 మిల్లీమీటర్ల గచ్చుకు ఏడు వారాలు, ఇంకా మందమైతే అంతకంటే నెమ్మది. పైకి తెల్లబడి ఆరినట్టు కనిపించడం ఏమీ రుజువు చేయదు. సులభమైన పరీక్ష ఉంది: మందపాటి పారదర్శక ప్లాస్టిక్ షీటును సుమారు 45 సెంటీమీటర్ల చదరంగా కత్తిరించి, నాలుగు అంచులనూ టేపుతో గాలి చొరకుండా నేలకు అతికించి, కనీసం 16 గంటలు వదిలేయండి. ఎత్తి చూసినప్పుడు షీటు లోపలివైపు నీటి బిందువులు ఉన్నా, ఆ చదరం మేర నేల నల్లబడి ఉన్నా, ఇంకా చెమ్మ ఉన్నట్టే. ఈ పరీక్ష చెమ్మ ఉందని చెప్పగలదు గాని ఎంత ఉందో చెప్పలేదు కాబట్టి, చెక్క నేల వేసేవారు తేమ మీటరుతో కూడా కొలిపించాలి. టైల్స్‌కు కొద్దిపాటి చెమ్మ పెద్ద ప్రమాదం కాదు. చెక్కకు, లామినేట్‌కు, అతికించే వినైల్‌కు మాత్రం అదే శత్రువు.

టైల్స్‌లో చూడవలసిన మొదటి అంకె నీటిని పీల్చుకునే శాతం. పోర్సిలిన్ టైల్ 0.5 శాతానికి మించి పీల్చుకోదు, గోడలకు వాడే మామూలు సిరామిక్ టైల్ 10 శాతం పైనే పీల్చుకుంటుంది. గోడ టైలును నేలకు వేయకూడదనడానికి బలం ఒక కారణమైతే ఇది ఇంకొకటి. రెండోది జారుడు గుణం. చెప్పులతో నడిచే నేలలకు ఆర్9 నుంచి ఆర్13 వరకు (అంకె పెరిగేకొద్దీ పట్టు ఎక్కువ), తడి కాళ్ళతో నడిచేవాటికి ఏ, బీ, సీ అని (సీకి పట్టు ఎక్కువ) జర్మన్ ప్రమాణాల వర్గీకరణ ఉంది, చాలా దేశాల తయారీదారులు దాన్నే డబ్బా మీద ముద్రిస్తారు. హాలుకు ఆర్9 సరిపోతుంది, వంటగదికి ఆర్10, స్నానం చేసే చోటుకు బీ వర్గం ఉంటే మంచిది. ముసలివారు, చిన్నపిల్లలు ఉన్న ఇంట్లో నేల అంతా అద్దంలా మెరవాలని కోరుకోవడాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. తడిసిన పాలిష్ టైలు మీద ఒక్కసారి జారినా తుంటి విరగవచ్చు.

పాలరాయి అందమైనది, పాదానికి చల్లగా ఉంటుంది, దశాబ్దాల తరువాత కూడా మళ్ళీ పాలిష్ పట్టించుకోవచ్చు. కాని అది ప్రధానంగా కాల్షియం కార్బొనేట్, అంటే ఏ పుల్లని ద్రవం పడినా ఉపరితలం కరిగి మరక మిగులుతుంది. ఆ మరక మురికి కాదు కాబట్టి తుడిస్తే పోదు. కాఠిన్యంలో మోస్ కొలమానం మీద కాల్సైట్ 3 దగ్గర ఉంటే, చెప్పులకు అంటుకుని లోపలికి వచ్చే ఇసుకలోని క్వార్ట్‌జ్ 7 దగ్గర ఉంటుంది. వీధి గుమ్మం దగ్గర పాలరాయి ఎందుకు ముందుగా మసకబారుతుందో దీన్ని బట్టే తెలుస్తుంది. గ్రానైట్ 6 నుంచి 7 మధ్య ఉంటుంది, పులుపును లెక్కచేయదు, కాని బరువు ఎక్కువ, ముదురు రంగులే ఎక్కువగా దొరుకుతాయి కాబట్టి గది చిన్నదిగా అనిపించవచ్చు. పాలరాయి వేయాలన్న కోరిక బలంగా ఉంటే పడక గదికి పరిమితం చేసుకుని, గుమ్మం, వంటగది ప్రాంతాలకు పోర్సిలిన్‌గాని గ్రానైట్‌గాని వేసుకోవడం మేలు.

చెక్క నేలల్లో మూడు రకాలను కలగాపులగంగా అమ్ముతారు. పూర్తి చెక్క పలక సుమారు 20 మిల్లీమీటర్ల మందంతో ఉంటుంది, ఎన్నోసార్లు గీకి మళ్ళీ మెరుగుపెట్టవచ్చు, కాని గాలిలోని తేమను బట్టి అడ్డంగా పొంగుతూ కుంచించుకుపోతూ ఉంటుంది. ఇంజనీర్డ్ చెక్కకు పైన అసలు చెక్క పొర 2 నుంచి 6 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది, కింద అడ్డదిడ్డంగా అతికించిన పొరలు ఉంటాయి కాబట్టి ఆ కదలిక చాలా తగ్గుతుంది. పై పొర 3 మిల్లీమీటర్లకు తక్కువైతే మళ్ళీ గీకే అవకాశం ఒకసారికి మించి ఉండదనుకోవాలి. లామినేట్‌లో పైన కనిపించేది చెక్క కాదు, చెక్క పీచును గట్టిగా అదిమి చేసిన హెచ్‌డీఎఫ్ పలక మీద అచ్చు వేసిన కాగితం, దాని మీద మెలమిన్ రక్షణ పొర. అరుగుదలకు ఏసీ1 నుంచి ఏసీ6 వరకు తరగతులు ఉన్నాయి. కుటుంబం ఉండే ఇంటికి ఏసీ3కి తగ్గకూడదు, ఏసీ4 ఉంటే నిశ్చింత. ఎస్‌పీసీ అనే గట్టి వినైల్ పలకలు సున్నపురాయి పొడి, పీవీసీ కలిపి చేసినవి, నీటికి చెక్కుచెదరవు, పని వేగంగా అవుతుంది. వాటి అసలు విలువ పైనున్న అరుగుదల పొరలో ఉంటుంది: 0.3 మిల్లీమీటర్లు తక్కువ నడక ఉండే గదికి, 0.5 మిల్లీమీటర్లు ఇల్లంతటికీ.

అంచులు ఒకదానిలో ఒకటి బిగుసుకునే ఈ క్లిక్ పలకలు ఏవైనా సరే, కింది నేల సమంగా లేకపోతే కొన్ని నెలల్లోనే అతుకులు విడిపోయి, అడుగు వేసినప్పుడల్లా కిర్రుమంటాయి. రెండు మీటర్ల సమమట్టపు కర్రను నేల మీద అటూ ఇటూ తిప్పి చూడండి. దాని కింద ఎక్కడైనా 3 మిల్లీమీటర్లకు మించి ఖాళీ కనిపిస్తే ముందు లెవెలింగ్ చేయించాలి. గోడ వెంబడి 8 నుంచి 10 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి, అది స్కర్టింగ్ కింద దాగిపోతుంది. ఖాళీ వదలకుండా గోడకు బిగించిన లామినేట్ తేమ కాలంలో మధ్యలో పైకి లేస్తుంది, అప్పుడు తప్పు పలకదని నెట్టివేస్తారు.

ఇక పోర్సిలిన్ టైలును పాత పద్ధతిలో సిమెంటు చాందు మీద కూర్చోబెట్టడానికి, పాలిమర్ కలిసిన టైల్ గమ్ము మీద అతికించడానికి మధ్య తేడా చిన్నది కాదు. పోర్సిలిన్ నీరు పీల్చదు కాబట్టి మామూలు సిమెంటు దానిని గట్టిగా పట్టుకోలేదు. అందువల్ల, అందులోనూ 60 సెంటీమీటర్లు దాటిన పెద్ద టైల్స్‌కు, గమ్ము వాడటమే సరైనది. నేల మీదా టైలు వెనుకా రెండు చోట్లా పూయించాలి. పని పూర్తయి గట్టిపడ్డాక ఒక చెక్క పిడితో ప్రతి టైలు నాలుగు మూలలూ, నడుమా తట్టి వినండి. గుల్ల శబ్దం వచ్చిన చోటల్లా కింద గాలి ఉన్నట్టు, బరువైన గిన్నె పడితే అక్కడే పగులుతుంది. డబ్బు మొత్తం చెల్లించే ముందే చేయవలసిన పరీక్ష ఇది.

స్నానాల గది

టైల్స్ వేశాం కాబట్టి నీరు దిగదన్న నమ్మకమే ఎన్నో ఇళ్ళలో చెమ్మకు మూలం. టైలు నీటిని ఆపుతుంది గాని టైల్స్ మధ్య సందులను నింపే సిమెంటు గ్రౌట్ ఆపదు, అది నెమ్మదిగా పీల్చుకుంటూనే ఉంటుంది. నీటిని నిజంగా ఆపేది టైల్స్ కింద ఉండే వాటర్‌ప్రూఫ్ పొర ఒక్కటే. ఆ పొరను రెండు పూతలుగా, మొదటిది ఒక దిక్కుగా రెండోది దానికి అడ్డంగా వేయాలి. నేలా గోడా కలిసే మూలల్లోనూ పైపులు బయటికి వచ్చే చోట్లా టేపు అతికించాలి. మామూలు గోడల వెంబడి కనీసం 15 సెంటీమీటర్ల ఎత్తు వరకు, షవర్ ఉన్న గోడలకు తల ఎత్తు దాటేదాకా పొరను ఎక్కించాలి. ఆ పొర ఆరిన తరువాత డ్రెయిన్ మూసి, గదిలో కొన్ని సెంటీమీటర్ల లోతు నీరు నిలబెట్టి, కనీసం 24 గంటలు ఉంచి, కింది సీలింగునూ పక్క గోడలనూ చూడాలి. టైల్స్ వేసే మేస్త్రీ తొందరపడుతున్నా ఈ ఒక్క రోజును వదులుకోకండి.

నేల వాటం డ్రెయిన్ వైపు ప్రతి మీటరుకూ 15 నుంచి 20 మిల్లీమీటర్లు ఉండాలి. టైల్స్ చిన్నవైతే అన్ని వైపుల నుంచీ వాటం తేవడం సులువు, ఎక్కువ గ్రౌట్ గీతల వల్ల కాలికి పట్టూ ఎక్కువ. పెద్ద టైల్స్ కావాలంటే గోడ పక్కన పొడవాటి డ్రెయిన్ పెట్టి ఒకే వైపు వాటం ఇవ్వాలి. గ్రౌట్ విషయంలో, సిమెంటు గ్రౌట్ పని సులభం, సరిచేయడమూ సులభం, కాని మరకలు పడుతుంది. ఎపాక్సీ గ్రౌట్ నీటినీ మరకలనూ దాదాపు అంటనివ్వదు, కాని గట్టిపడకముందే టైలు మీది పొరను తుడిచేయకపోతే తరువాత వదలదు, కాబట్టి అది తెలిసినవారే చేయాలి. స్నానం చేసే చోటుకూ వంటగది గట్టు వెనుకకూ ఎపాక్సీ, మిగిలిన చోట్ల సిమెంటు గ్రౌట్ అన్న విభజన ఖర్చుకు తగిన ఫలితం ఇస్తుంది. గోడా నేలా కలిసే మూలల్లో మాత్రం రెండూ కాకుండా సిలికాన్ పెట్టించాలి, ఎందుకంటే అక్కడ కొద్దిపాటి కదలిక ఉంటుంది, గట్టి గ్రౌట్ ఆ కదలికకు పగులుతుంది. గాలిని బయటికి లాగే ఫ్యాను గొట్టం నిజంగా బయటి గాలిలోకే తెరుచుకోవాలి. ఫాల్స్ సీలింగ్ పైన వదిలేస్తే ఆవిరి అక్కడే చేరి బూజు పట్టిస్తుంది.

వంటగది, అల్మరాలు

కిచెన్ చూపించే చోట మన కళ్ళు తలుపు రెక్కల రంగు మీదే నిలుస్తాయి. అరలు ఎన్నాళ్ళు నిలుస్తాయో నిర్ణయించేది మాత్రం లోపలి పెట్టె చేసిన బోర్డు, దాని అంచులు, బందులు. పార్టికల్ బోర్డు చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసింది. తేలిక, చవక, కాని తడి తగిలితే ఉబ్బి, ఆరినా తిరిగి మామూలు మందానికి రాదు, ఒకసారి వదులైన స్క్రూ అదే రంధ్రంలో మళ్ళీ పట్టదు. ఎండీఎఫ్ సన్నని పీచుతో చేసింది కాబట్టి నునుపుగా ఉంటుంది, రంగు వేసే రెక్కలకూ చెక్కిన డిజైన్లకూ అంతకంటే మంచిది లేదు, నీటి విషయంలో అదీ బలహీనమే. ప్లైవుడ్ పొరలు ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి కాబట్టి వంగదు, స్క్రూను గట్టిగా పట్టుకుంటుంది. పొరలను ఫినాలిక్ జిగురుతో అతికించిన రకమైతే తడిని చాలాకాలం ఓర్చుకుంటుంది. పీవీసీ నురుగు బోర్డులు నీటికి అస్సలు చలించవు, కాని వేడికి మెత్తబడతాయి, బరువుకు వంగుతాయి, స్క్రూ పట్టు తక్కువ.

అందువల్ల ఒకే బోర్డుతో ఇల్లంతా చేయించడం కంటే చోటును బట్టి మార్చడం తెలివైన పని. సింకు కింది పెట్టెకూ స్నానాల గది అరకూ ఫినాలిక్ ప్లైవుడ్ లేదా, బరువు పడని చోట, పీవీసీ. గట్టు కింది మిగతా అరలకు ప్లైవుడ్. వంటగది పై అరలకూ పడక గది అల్మరాలకూ తేమ నిరోధక పార్టికల్ బోర్డు కూడా చక్కగా పనికి వస్తుంది, అయితే నాలుగు అంచులూ మూసి ఉండాలి. ఇదే ఎక్కువమంది చూడని చోటు. కనబడే ముందంచుకు 2 మిల్లీమీటర్ల పట్టీ (బ్యాండింగ్) అతికించి, గోడవైపు అంచునూ పైపు కోసం కోసిన రంధ్రాన్నీ పచ్చిగా వదిలేస్తారు. సింకు కింద వేలు పెట్టి ఆ రంధ్రం అంచును తడమండి. చెక్క పొడి వేలికి అంటితే, మొదటి లీకు రోజున నీరు అక్కడి నుంచే లోపలికి పోతుంది. సిలికాన్‌తో గాని రంగుతో గాని మూయించడానికి కొన్ని నిమిషాలు చాలు.

బోర్డుల్లోని జిగురు గురించి కూడా అడగాలి. యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు నెలల తరబడి ఫార్మాల్డిహైడ్ వాయువును వదులుతుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ఆ వాయువును మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. గది గాలిలో అది అరగంట సగటున ఘనపు మీటరుకు 0.1 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఈ1 అన్న గుర్తు ఉన్న బోర్డు పరీక్ష గదిలో 0.124 మిల్లీగ్రాముల పరిమితిని దాటనిది. అది కనీస అర్హత అనుకోండి, ఎందుకంటే ఒక చిన్న పడక గదిలో గోడ నిండా అల్మరా, మంచం, బల్ల అన్నీ అవే బోర్డులతో చేయిస్తే మొత్తం పెరుగుతుంది. యూరోపియన్ యూనియన్ ఫర్నిచరుకూ చెక్క బోర్డులకూ ఈ పరిమితిని 2026 ఆగస్టు నుంచి 0.062 మిల్లీగ్రాములకు తగ్గించింది. పిల్లలు పడుకునే గదికి తక్కువ వాయువు వదిలే రకాన్నే అడిగి తీసుకోవాలి, పని పూర్తయ్యాక కొన్ని వారాలు కిటికీలు తెరిచి ఉంచాలి.

గట్టు పలకకు గ్రానైట్ ఇప్పటికీ గట్టి సమాధానమే: వేడి గిన్నె పెట్టినా, కత్తి గీసినా పెద్దగా లెక్కచేయదు, ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి సీలరు పూస్తే చాలు. క్వార్ట్‌జ్ పొడిని రెజిన్‌తో కలిపి చేసిన ఇంజనీర్డ్ క్వార్ట్‌జ్ మరకలు పట్టదు, రంగు ఒకే తీరుగా ఉంటుంది, కాని అందులోని రెజిన్ 150 డిగ్రీల సెల్సియస్ దగ్గరి వేడికి రంగు మారవచ్చు కాబట్టి, పొయ్యి మీది గిన్నెను నేరుగా దించే అలవాటున్న ఇంటికి అది తగదు. ఇంకొక విషయం ఇంటివారికి కనబడకపోయినా తెలిసి ఉండాలి. ఎక్కువ సిలికా ఉన్న ఈ పలకలను పొడిగా కోసే పనివారి ఊపిరితిత్తులు, ఆ ధూళి వల్ల వచ్చే సిలికోసిస్ వ్యాధి బారిన పడటం వల్ల ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి ఇలాంటి ఇంజనీర్డ్ రాయిని నిషేధించింది. మన ఇంట్లో ఏ రాయి కోయించినా నీళ్ళు పోస్తూ, తగిన మాస్కుతో, గదుల బయట కోయమని పట్టుబట్టడం మన బాధ్యత. గట్టు ఎత్తు సాధారణంగా 85 నుంచి 95 సెంటీమీటర్లు. అక్కడ ఎక్కువసేపు నిలబడేవారి మోచేతికి 10 నుంచి 15 సెంటీమీటర్లు కిందికి ఉండేలా కొలిచి పెట్టించుకుంటే నడుం నొప్పి తగ్గుతుంది. ఎదురెదురు గట్ల మధ్య 120 సెంటీమీటర్లు ఉంటే ఇద్దరు కలిసి పనిచేసుకోవచ్చు.

మిగిలినవి

తలుపుల్లో బోలు రెక్కలు తేలిక, చవక, కాని మాటలు ఆగవు. పడక గదులకూ చదువుకునే గదికీ నిండు రెక్కలు, అటకకూ సామాను గదికీ బోలువి చాలు. ఫాల్స్ సీలింగును దాచవలసిన గొట్టాలూ దూలాలూ ఉన్న చోటికే పరిమితం చేయడం మంచిది. ఎత్తు తక్కువ గదిలో అది గాలిని మింగేస్తుంది. వేయించినా, వాల్వుల దగ్గర తెరిచి చూసే మూతలు ఉంచాలి.

రంగుల్లో నీటి ఆధారిత అక్రిలిక్ ఎమల్షన్ గోడలకు సరిపోతుంది. నూనె రంగులు గట్టివే గాని వాసన ఎక్కువ, వెలుగు తగలని చోట పసుపు తిరుగుతాయి, కొత్త సిమెంటు క్షారానికి పొరలుగా లేస్తాయి. కొత్త సిమెంటు గోడకు ఏ రంగు వేసినా ముందు క్షారాన్ని తట్టుకునే ప్రైమర్ వేయించాలి. మెరుపు ఎక్కువైతే కడుక్కోవడం సులభం, కాని లోపాలు దాగవు; మాట్ రంగు లోపాలను దాస్తుంది, కాని చేతి మరకలను పట్టుకుంటుంది. నడవాకూ పిల్లల గదికీ మధ్యస్థపు మెరుపు, సీలింగుకు పూర్తి మాట్ పనికి వస్తాయి. ఏ రంగైనా సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90) దాటనిదని తయారీదారు రాతపూర్వకంగా చెప్పినదే కొనండి, ఎందుకంటే సీసం పిల్లల మెదడుకు హాని చేస్తుంది, ఏ కొద్ది మోతాదూ సురక్షితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంగీకరించదు. దీపాలకు, విశ్రాంతి గదుల్లో 2700 నుంచి 3000 కెల్విన్ (పసుపు ఛాయ వెలుగు), వంటగదిలో, చదువుకునే బల్ల దగ్గర 4000 కెల్విన్ (తెల్లని వెలుగు) అనుకూలం. ఆ వెలుగులో వస్తువుల రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే సీఆర్‌ఐ 80కి తగ్గకూడదు, వంటగదికీ అద్దం దగ్గరకూ 90 ఉంటే తేడా కంటికి తెలుస్తుంది. రంగు నిర్ణయించే ముందు ఈ దీపాలనే బిగించి, గోడ మీద మీటరు చదరపు నమూనా వేయించి పగలూ రాత్రీ చూడాలి.

పనుల క్రమం ఇలా ఉంటే ఒక పని మరొకదాన్ని చెడగొట్టదు: గోడలోని గొట్టాలు, పైపులు, పరీక్షలు, పూత, గచ్చు, స్నానాల గది పొర, టైల్స్, సీలింగు, ప్రైమర్, మొదటి రంగు పూత, నేల టైల్స్ లేదా రాయి, వంటగది, అల్మరాలు, తలుపులు, చెక్క నేల ఉంటే అది, చివరి రంగు పూత, దీపాలు, పిడులు. చెక్క, లామినేట్ పెట్టెలను వేయబోయే గదిలోనే కనీసం 48 గంటలు ఉంచి ఆ గాలికి అలవాటుపడనివ్వాలి. టైల్స్ కొనేటప్పుడు అవసరానికి మించి ఒక పది శాతం, అన్నీ ఒకే బ్యాచ్ సంఖ్య ఉన్న డబ్బాలుగా తీసుకోండి, ఎందుకంటే అదే పేరుతో తరువాత వచ్చే బ్యాచ్ రంగులోనూ కొలతలోనూ కొద్దిగా తేడా ఉంటుంది. మిగిలిన టైల్స్‌నూ, ప్రతి గది రంగు కోడ్ రాసిన డబ్బా మూతనూ, గోడల ఫోటోలనూ ఒకే చోట భద్రపరచండి.